మంచి మాను, తక్కువ కాయ: గడ్చిరోలి, చంద్రపూర్ టేకు విత్తనం చిక్కు

ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట ఇవతల సిరొంచ, అవతల కాళేశ్వరం. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో అంకీసా, అసరల్లి వైపు, చంద్రపూర్ జిల్లాలో రాజురా, జివతి వైపు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ నడిచే ఊళ్ళు చాలా ఉన్నాయి. పొలం గట్టున నాలుగు టేకు మొక్కలు వేస్తే పిల్ల పెళ్ళికి అక్కరకొస్తాయన్న మాట ఏ ఊళ్ళో అయినా వినిపిస్తుంది. తొలకరికి ముందు నర్సరీకి వెళ్ళిన రైతు స్టంపు (నాటడానికి వేరు, కాస్త కాండం ఉంచి కోసిన ఏడాది మొక్క) లావెంత, ధరెంత అని అడుగుతాడు. ఏ చెట్టు కాయతో పెంచారని మాత్రం అడగడు. అడిగినా చెప్పగలిగే నర్సరీలు తక్కువే.

టేకు కలపలో ఈ నేలకు ఎప్పటి నుంచో పేరుంది. అయోధ్య రామమందిరం తలుపులకు 2023లో టేకు వెళ్ళింది బల్లార్షా డిపో నుంచే. ఆలపల్లి దగ్గర ‘గ్లోరీ ఆఫ్ ఆలపల్లి’ పేరుతో సుమారు 6 హెక్టార్ల పాత అడవిని గొడ్డలి పడకుండా కాపాడుకొస్తున్నారు; 2014లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఇంత టేకు ఉన్న చోట విత్తనానికి కరువేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. కాయకు కరువు లేదు. కొరతంతా మంచి చెట్టు నుంచి వచ్చిన, లోపల గింజ ఉన్న కాయకే. ఈ రెండూ ఒకే కాయలో దొరకడం ఎందుకింత కష్టమన్నది టేకు పూసే తీరులోనే ఉంది.

ముందు కాయను చూద్దాం. టేకు విత్తనమని సంచుల్లో అమ్మేది నిజానికి గింజ కాదు, కాయ. పైన కాగితపు బుడగ లాంటి గోధుమరంగు పొర. దాన్ని నలిపేస్తే చేతిలో మిగిలేది శనగగింజ కంటే కాస్త పెద్దదైన, నూగుతో కప్పి ఉన్న గట్టి ఉండ. మొక్కలు కత్తిరించే కత్తెరతో దాన్ని అడ్డంగా కోస్తే నాలుగు గదులు కనిపిస్తాయి, నడుమ ఒక చిన్న బోలు. ఒక్కో గదిలో ఒక్కో తెల్లటి గింజ ఉండాలి. నాలుగూ నిండిన కాయ దొరకడం అరుదు. ఒకటో రెండో ఉంటే మంచి కాయ కింద లెక్క. చాలా వాటిలో నాలుగు గదులూ ఖాళీ, లేదా ముడుచుకుపోయిన గోధుమరంగు పొట్టు. పైన పటారం, లోన లొటారం. కాయ సైజును బట్టి కిలోకు వెయ్యి నుంచి మూడు వేల దాకా తూగుతాయి. అందులో ఎన్ని మొలకెత్తుతాయో తూకం చూసి చెప్పలేం.

ఇక పూత. టేకు పూలగుత్తి కొమ్మ చివరన వస్తుంది. చివరి మొగ్గే పూతగా మారిపోతుంది కాబట్టి ఆ కొమ్మ ఇక నిటారుగా ముందుకు సాగదు. కింది కణుపుల నుంచి రెండు కొత్త రెమ్మలు చీలతాయి. పక్కకొమ్మకు ఇలా జరిగితే నష్టం లేదు. నడిమాను కొసన తొలి పూత వచ్చిందంటే మాత్రం కాండం అక్కడితో పంగలు చీలినట్టే. పదో ఏటికే పూసిన చెట్టుకు పొట్టి దుంగ, ఇరవై ఏళ్ళు ఆగి పూసిన చెట్టుకు పొడవాటి దుంగ దక్కుతుంది. కలప చూసే కన్ను సహజంగానే ఆలస్యంగా పూసే చెట్టునే మెచ్చుకుంటుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మన దేశంలో టేకు క్లోనల్ విత్తన తోటలు 1960ల నుంచి వచ్చాయి. అడవిలో నిటారుగా, చీలకుండా, కొమ్మల్లేని పొడవాటి కాండంతో ఉన్న మేటి చెట్లను గుర్తించి, వాటి మొగ్గలను నాటు మొక్కల మీద అంటుకట్టి, ఆ అంట్లను ఒకచోట తోటగా నాటారు. మేటి చెట్లు తమలో తాము పుప్పొడి మార్చుకుంటే పుట్టే పిల్లలూ మేటివే అవుతాయన్నది లెక్క. లెక్కలో తప్పేమీ లేదు. అయితే మేటి చెట్టని ఏరుకున్నది చాలావరకు పూతకు తొందరపడని చెట్టునే. తోటకు కావలసింది కాయ, ఏరి తెచ్చిందేమో కాయను వాయిదా వేసే గుణం. దశాబ్దాలు గడిచినా విత్తన తోటలు దేశపు అవసరంలో కొద్ది భాగమే తీర్చగలగడానికి ఇదొక పెద్ద కారణం. దీన్ని చాలాసార్లు ఎరువులు చాలలేదనో, నిర్వహణ లోపమనో అనుకుని వదిలేస్తుంటారు. ఎరువు గుణాన్ని మార్చదు.

అలాగని మేటి చెట్లను పక్కనపెట్టి తొందరగా పూసే వాటిని ఎక్కించమనీ కాదు. అలా చేస్తే కాయలు దండిగా వస్తాయి, వాటితో పెరిగిన తోటలు వంటచెరకుకు పనికొస్తాయి. చేయగలిగింది మరొకటుంది: ఎంచుకున్న చెట్టును కలప చెట్టులా కాకుండా పండ్ల చెట్టులా పెంచడం.

కలప తోటలో మొక్కకూ మొక్కకూ 2 మీటర్ల ఎడం ఉంచితే హెక్టారుకు 2,500, అంటే ఎకరానికి వెయ్యి. ఒత్తుగా ఉంటే పక్కకొమ్మలు నీడకు ఎండి రాలిపోయి కాండం నున్నగా సాగుతుంది. విత్తన తోటకు ఆ ఒత్తిడే శత్రువు. పూత ఎండ తగిలే కొమ్మల చివర్లలోనే వస్తుంది కనుక, పక్క చెట్టు తల తగిలిన వైపు కాయ ఉండదు. 10 మీటర్ల ఎడంతో హెక్టారుకు వంద చెట్లే పడతాయి. ఎకరానికి 40. చూసేవాళ్ళకు భూమి వృథాగా పడి ఉన్నట్టు అనిపిస్తుంది, తనిఖీకి వచ్చిన వాళ్ళూ ఖాళీలు నింపమంటారు. కానీ గుండ్రంగా, కిందిదాకా కొమ్మలున్న చెట్టు ఇచ్చే కాయను ఇరుకులో నిలబడి కొసన గొడుగంత తల మాత్రమే ఉన్న చెట్టు ఇవ్వలేదు. మొదట దగ్గరగా నాటినా, కొమ్మలు తగులుకోకముందే పలుచన చేయాలి. ఇరవై ఏళ్ళు ఆగి చేస్తే ఎండిపోయిన కింది కొమ్మలు తిరిగి రావు. ఇంత ఖర్చుపెట్టి అంటుకట్టిన చెట్టును కొట్టడానికి చేయి రాక ఆ పని వాయిదా పడుతూ ఉంటుంది. చాలా తోటల్లో కాయ తగ్గిపోయేది ఆ వాయిదాల్లోనే.

కాయ కోతకు అందేలా తల నరికితే ఎలా ఉంటుందన్న ఆలోచనా ఉంది. టేకు మోడు నుంచి కూడా ఉరికి చిగురిస్తుంది కాబట్టి చెట్టు చావదు. కానీ వచ్చే చిగుళ్ళు కొన్నేళ్ళ పాటు ఆకు మీదే ధ్యాస పెడతాయి, పూత మళ్ళీ వెనక్కి పోతుంది. పైగా టేకు కాయను కోయాల్సిన అవసరమే లేదు, పండి ఎండి దానంతటదే రాలుతుంది. ఎత్తు గురించి బెంగ పెట్టుకోవడం అనవసరం.

వానది ఇంకో కథ. ఈ రెండు జిల్లాల్లో ఏడాదికి స్థూలంగా 1,200 నుంచి 1,500 మిల్లీమీటర్ల వాన పడితే అందులో సింహభాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. టేకు పూసేదీ అప్పుడే. ఒక్కో గుత్తిలో వేల మొగ్గలు ఉంటాయి. అవి రెండు నుంచి నాలుగు వారాల పాటు రోజుకు కొన్ని చొప్పున విచ్చుకుంటాయి. విడిగా ఒక పువ్వుకు ఆయుష్షు ఒక్క రోజే. పొద్దెక్కాక విచ్చుకుని, మధ్యాహ్నం అటూ ఇటుగా పుప్పొడి అందుకోవడానికి సిద్ధంగా ఉండి, సాయంత్రానికి రాలిపోతుంది. ఆ రోజు మధ్యాహ్నం ముసురు పట్టిందంటే ఆ పూట విచ్చుకున్న పూలన్నీ దండగే. గోదావరికి వరద తెచ్చే వారం రోజుల ముసురు టేకు కాయకూ గండమే. మామూలు ఏడుల్లో కూడా నూటికి ఒకటో రెండో పువ్వులు కాయగా నిలిస్తే గొప్ప.

దానికి తోడు తన పుప్పొడి తనకు పనికిరాని చెట్టు ఇది. సొంత పుప్పొడి పడినా పిందె దాదాపుగా నిలవదు, తొలి రెండు వారాల్లోనే రాలిపోతుంది. ఒకే తల్లిచెట్టు నుంచి కట్టిన అంట్లన్నీ జన్యుపరంగా ఒకే చెట్టు. వాటిని పక్కపక్కన నాటితే తేనెటీగ ఎంత తిరిగినా లాభం లేదు. అందుకే కనీసం ఇరవై ఇరవై అయిదు తల్లిచెట్ల అంట్లు ఉండాలని, ఒకే తల్లి అంట్లు పక్కపక్కన రాకుండా కలిపి నాటాలని అంటారు. కాగితం మీద ఈ అమరిక అన్ని తోటల్లోనూ బాగానే ఉంటుంది. నేల మీద తేడా తెచ్చేది పూత కాలం. ఒక తల్లి అంట్లు జులై మొదట్లో పూస్తే, ఇంకో తల్లి అంట్లు ఆగస్టు చివర్లో పూస్తాయి. వేర్వేరు వాన మండలాల నుంచి తెచ్చి కలిపిన తోటల్లో ఈ ఎడం మరీ ఎక్కువ. పాతిక రకాలున్న తోటలో ఒక వారంలో నిజంగా పుప్పొడి ఇచ్చిపుచ్చుకుంటున్నవి అయిదారే కావచ్చు. రెండు మూడేళ్ళు వరసగా ఏ చెట్టు ఎప్పుడు పూసింది, ఎంత కాసింది అని ఒక నోటుబుక్కులో రాసిపెడితే, ఎవరితో ఎవరికీ కలవని చెట్లు తేలిపోతాయి. పలుచన చేసేటప్పుడు ముందు పోవాల్సినవి అవే. ఎరువుల మీద పెట్టే ఖర్చులో కొంత ఈ నోటుబుక్కు రాసే మనిషి మీద పెడితే ఎక్కువ ఫలితం దక్కుతుంది.

తేనెటీగలంటే పెట్టెలు తెచ్చి పెడదామనే ముందు ఆలోచన వస్తుంది. పెట్టెలతో నష్టం లేదు. అయితే థాయిలాండ్‌లో చేసిన పరిశీలనల్లో టేకు పుప్పొడిని బాగా మోసినవిగా తేలింది గుంపుగా బతికే తేనెటీగలు కావు, సెరటినా అనే చిన్న ఒంటరి తేనెటీగలు. ఎండిన పుల్లల్లో మెత్తటి బెండు తొలుచుకుని వాటి లోపలే గూడు కట్టుకుంటాయవి. తోట శుభ్రంగా ఉండాలని పొదలన్నీ నరికి ఎండాకాలంలో తగలబెడితే వాటి ఇళ్ళు కూడా కాలిపోతాయి. మరి శుభ్రం చేయకపోతే రాలిన కాయ దొరకదు. మధ్యేమార్గం ఒకటి ఉంది: చెట్టు కొమ్మలు పరుచుకున్న మేరకే నేల ఊడ్చి, వరసల నడుమ కొంత పొద వదిలేయడం. పురుగుమందులదీ ఇదే లెక్క. తొలకరి చిగురును హైబ్లియా అనే ఆకుతినే పురుగు కొన్ని ఏళ్ళలో మోడు చేసి వదులుతుంది. వానలు తగ్గుముఖం పట్టాక యూటెక్టోనా పురుగు ఆకుకు ఈనెలు మాత్రం మిగులుస్తుంది. ఆకు పోతే పిందెకు తిండి ఉండదు. కానీ పూత మీద మందు కొడితే ఈగలూ పోతాయి. హైబ్లియాకు మాత్రమే జబ్బు చేసే వైరస్‌ను మందుగా వాడే పద్ధతిని కేరళ అటవీ పరిశోధన సంస్థ రూపొందించింది. విత్తన తోటలకు అలాంటిదే తగినది.

గడ్చిరోలిలో క్లోనల్ తోటకు మరో అడ్డంకి ఉంది, అది ఏ నిర్వహణతోనూ తీరదు. చుట్టూ టేకు అడవే. మేటి చెట్ల తోట చుట్టూ అనామకపు టేకు పుప్పొడి రాకుండా కొన్ని వందల మీటర్ల ఖాళీ వదలాలని నియమం. ఇక్కడ అంత ఖాళీ ఎక్కడుంది? తోటలో పుట్టిన కాయకు తల్లి ఎవరో తెలుసు, తండ్రి సగం సార్లు పక్క అడవిలోని వంకర చెట్టే కావచ్చు. ఎడారిలా ఖాళీగా ఉన్న చోటికి తోటను తరలిస్తే పుప్పొడి సమస్య తీరుతుంది కానీ, 47 డిగ్రీల ఎండకూ ఇక్కడి నేలకూ అలవాటుపడ్డ చెట్ల కాయ ఇక్కడే పుట్టడంలో ఉన్న సుగుణం పోతుంది.

అందుకే ఈ సరిహద్దు జిల్లాలకు కొత్త క్లోనల్ తోటల కంటే విత్తన సేకరణ క్షేత్రాలే నయమనిపిస్తుంది. పద్ధతి పాతదే. అప్పటికే నిలబడి ఉన్న మంచి టేకు కూపులోనో (అటవీశాఖ కలప కోతకు హద్దులు గీసిన అడవి ముక్క), తోటలోనో వంకరవి, పంగలు చీలినవి, పురుగు పట్టినవి తీసేసి, మంచివాటికి ఎండ తగిలేలా చోటివ్వడం. చుట్టూ కొంత దూరం కూడా అదే రకంగా ఏరివేయడం. దీనివల్ల వచ్చే మెరుగుదల క్లోనల్ తోట ఆశ పెట్టినంత ఉండదు, కానీ అంటు పెరిగేదాకా పదిహేనేళ్ళు ఆగక్కర్లేదు. రాజురా, కోర్పనా వైపు నేలలో సున్నం దండిగా ఉంది. సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడికి వచ్చిందే అందుకు. టేకు సున్నాన్ని కోరుకునే చెట్టు. నీరు నిలిచే నల్లరేగడి పల్లాన్ని వదిలి, ఎర్రటి వాలు నేలల్లో నిలబడ్డ మంచి టేకును వెతికితే క్షేత్రాలకు తగినవి దొరకకపోవు.

ఇది ఎవరు చేయాలి? అటవీ హక్కుల చట్టం 2006 కింద సామూహిక హక్కులు పొందిన గ్రామసభలు గడ్చిరోలిలో ఎక్కువ. 2009లో హక్కుపత్రం అందుకున్న మెంఢా లేఖా ఊరు దేశమంతటికీ తెలుసు. వెదురు, తునికాకు అమ్మకం గ్రామసభలు చేయగలిగినప్పుడు టేకు కాయ సేకరణ చేయలేకపోవడానికి కారణం కనిపించదు. అయితే కాయ ఏరుకోవడం వేరు, పలుచన కోసం చెట్టు కొట్టడం వేరు. రెండోదానికి అటవీశాఖ మార్కింగు, అనుమతి లేకుండా ఒక్క చెట్టు మీదా చేయి పెట్టలేరు. ఉమ్మడి ప్రణాళిక లేనిదే గ్రామసభ చేతికి వచ్చేది ఏరుకునే కూలి వరకే.

కూలి మాట వచ్చింది కాబట్టి, అసలు పేచీ అక్కడే ఉంది. కాయను కిలోల లెక్కన కొంటారు. ఖాళీ కాయకూ నిండు కాయకూ ఒకే రేటు అయినప్పుడు రోడ్డు పక్కన అందుబాటులో ఉన్న, పొట్టిగా, పంగలు చీలి, విపరీతంగా కాసే చెట్టు కిందే ఏరుతారు. ఎవరైనా అదే చేస్తారు. అంటే తొందరగా పూసే, కలపకు పనికిరాని గుణమే నర్సరీ బెడ్లలోకి చేరి, గట్టు మీద మొక్కగా రైతు ఇంటికి వస్తుంది. ఎనిమిదేళ్ళకే చీలిన టేకును చూసి రైతు నేలను తిట్టుకుంటాడు. 1990లలో టేకు తోటల పేరుతో డబ్బు పోగేసిన కంపెనీలు లెక్కలు చూపించినప్పుడు కూడా ఎవరూ విత్తనం ఎక్కడిదని అడగలేదు. ఆ పథకాలు కుదేలయ్యాక సెబీ 1999లో నిబంధనలు తెచ్చింది కానీ అవి మదుపుదారుల డబ్బుకు సంబంధించినవి, మొక్క పుట్టుకకు కాదు.

కొనే చోట కత్తెర పెట్టడం దీనికి సులువైన మార్గం. సంచి పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి గుప్పెడు చొప్పున తీసి కలిపి, అందులో వంద కాయలు కోసి, ఎన్నిట్లో కనీసం ఒక తెల్ల గింజ ఉందో లెక్కపెట్టి, ఆ శాతాన్ని బట్టి రేటు కట్టాలి. గంట పని. నిండు కాయకు ఎక్కువ ధర అని తెలిస్తే ఏరేవాళ్ళే ముందు జల్లెడ పట్టుకొస్తారు, ఎందుకంటే పెద్ద కాయలో గింజ ఉండే అవకాశం ఎక్కువ. గుర్తుపెట్టిన చెట్ల కిందే ఏరారా లేదా అన్నది మాత్రం కత్తెరకు చిక్కదు. దానికి గ్రామసభ మాటే పూచీ.

ఏరే కాలంలో రెండు జాగ్రత్తలు. కాయ నవంబరు నుంచి జనవరి లోపు పండి, మార్చి దాకా రాలుతుంది. మొదట రాలేవి ఎక్కువగా పురుగు తిన్నవి, తాలువి. వాటిని ఊడ్చి పారేసి, ఆ తర్వాత రాలిన వాటినే తీసుకోవాలి. ఇక మార్చి వచ్చేసరికి ఇప్పపువ్వు ఏరడానికి ఆకు తగలబెట్టే అలవాటు వల్ల అడవిలో మంటలు మొదలవుతాయి, ఆలోపే కాయ ఇల్లు చేరాలి. చంద్రపూర్ వైపు ఇంకో భయం పులి. వంగి ఏరుకునే మనిషి దూరం నుంచి నాలుగు కాళ్ళ జంతువులా కనిపిస్తాడు. చెట్ల కింద చూపు ఆనేలా నేల బాగుచేయడం, ఒంటరిగా కాకుండా గుంపుగా, తెల్లవారుజామున కాకుండా బాగా పొద్దెక్కాక వెళ్ళడం కాయ కోసమే కాదు, ప్రాణం కోసం కూడా.

తెచ్చిన కాయను అదే ఏడు విత్తాలన్న తొందర అక్కర్లేదు. పొడిగా దాస్తే టేకు కాయ కొన్నేళ్ళు చెడదు, పైగా ఏడాది నిలవున్నది కొత్తదానికంటే బాగా మొలుస్తుంది. విత్తే ముందు రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పగలంతా ఎండలో ఆరబెట్టి, ఇలా వారం నుంచి రెండు వారాలు చేస్తే గట్టి పెంకు పట్టు సడలుతుంది. ఏప్రిల్, మే ఎండలు ఇక్కడ ఆ పనికి సరిగ్గా సరిపోతాయి. నేల మీద పలుచగా పరిచి చెదలకు వదిలేసే పద్ధతి కూడా ఉంది. అవి పైన నూగు పొరను తినేసి, పెంకును మాత్రం వదిలేస్తాయి. ఇంత చేసినా మొలక సగానికి మించడం అరుదు, అదీ ఒకేసారి రాదు. బెడ్డు మీద వారాల తరబడి ఒకటొకటిగా లేస్తాయి. బొటనవేలంత లావు వచ్చిన ఏడాది మొక్కలను పీకి, వేరు జానెడు, కాండం రెండు మూడు సెంటీమీటర్లు ఉంచి కోస్తే అదే స్టంపు. ఆ స్టంపుల కట్టకు కట్టే చీటీ మీద ఇప్పుడు ఉండేది లెక్క, తేదీ. కాయ ఏ కూపులోనిది, ఏ ఏటిది, వందకు ఎన్ని నిండు అన్న మూడు ముక్కలు దానికి చేర్చడానికి కొత్త ఖర్చేమీ అవసరం లేదు.